యాడి చూలో, నా పొగగొట్టం

(సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి సందర్భంగా నిజాంపేటలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నన్ను "గిరిజన బాలికల విద్య" మీద మాట్లాడమని అడిగారు. దాని గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను మా ఇంటి పొయ్యి గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శి గారు ఫోన్‌లో కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే మేడం, పదిహేను నిమిషాలు" అన్నారు. నేను వార్డెన్‌ని, గంట కొట్టేలోపు ముగించడం అలవాటే.

మా తండా దేవరకొండ వైపు. ఇక్కడ నిజాంపేటలో పాత ఊరు పక్కన నూటయాభై గజాల్లో ఇల్లు కట్టుకుని పదేళ్లు దాటింది. మూడేళ్ల కింద మా బాపు పోయాక యాడిని తెచ్చుకున్నాం. వచ్చిన నాలుగో రోజు యాడి ఒక మాట అడిగింది. "ఈ ఇంట్లో చూలో ఏది?"

గ్యాస్ స్టవ్ చూపించాను. "అది అగ్గిపెట్టెకు అన్న. చూలో ఏది? భోగ్ దేంట్లో వేస్తావు?" అంది.

మీకు తెలుసు, మన ఇళ్లలో పండగ రోజు నిప్పుల మీద నెయ్యి, బెల్లం వేసి భోగ్ పెట్టకుండా ముద్ద ముట్టం. గ్యాస్ మంట మీద నెయ్యి వేస్తే బర్నర్ పాడవుతుంది తప్ప భోగ్ కాదు. నేను అప్పటిదాకా పండగలకు కర్పూరం బిళ్ల వెలిగించి సర్దుకుంటున్నాను. ఆ సంగతి యాడికి చెప్పలేదు.

అయినా నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తాను.

యాడిని తెచ్చిన కొత్తలోనే ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. డాక్టర్ ఒక గొట్టంలోకి ఊదించి పరీక్ష చేశారు. కాగితం చూసి, "అమ్మా, చుట్ట ఎన్నేళ్లు తాగారు?" అని అడిగారు. యాడి నవ్వి, "చుట్ట తాగలేదు సారూ, గొట్టం ఊదిన. మీరు ఇప్పుడు ఊదించినట్టే. యాభై ఏళ్లు" అంది. పొయ్యి ఊదే గొట్టం అన్నమాట. ఆయన రాసిన పేరు సీఓపీడీ. ఊపిరితిత్తుల గొట్టాలు ఇరుకైపోయి, పోయిన శక్తి తిరిగి రాని జబ్బు. ఇన్‌హేలర్ వాడితే ఆయాసం అదుపులో ఉంటుంది, అంతే.

ఇది మా ఇంటి ఒక్క కథ కాదు. ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో ఐదేళ్లలోపు పిల్లలు రెండు లక్షలకు పైనే. పొయ్యి ముందు కూర్చునేది ఎవరు? ఆడవాళ్లు. వాళ్ల ఒడిలో ఉండేది ఎవరు? పసిపిల్లలు. అందుకే కట్టెల పొయ్యి రుచి గురించి ఫోన్‌లో వీడియోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వీడియో తీసేది ఒకరు, ఊదేది మరొకరు.

కానీ యాడి ఊరుకోలేదు. జొన్న బాటి గ్యాస్ మీద కాలిస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉందంది. పెనం మీంచి తీసి నిప్పుల పక్కన నిలబెడితే కదా పొంగేది! ఒక ఆదివారం నేను హాస్టల్ నుంచి వచ్చేసరికి ఇంటి వెనక మూడు ఇటుకలు పెట్టి, పక్క అపార్ట్‌మెంట్ కట్టేచోట నుంచి తెచ్చిన ప్లైవుడ్ ముక్కలతో మంట వేసి, ఎదురుగా కూర్చుని దగ్గుతూ రొట్టె కాలుస్తోంది. ముఖంలో మాత్రం మూడేళ్లలో నేను చూడని వెలుగు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఎలాగూ ఆపలేను కాబట్టి సరిగ్గా కట్టిస్తాను.

ఇక పాఠం మొదలుపెడతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

పొగలేని పొయ్యి కోసం వెతికితే, దాని పుట్టిళ్లలో ఒకటి మన హైదరాబాదే అని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇక్కడి ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి.రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి ఒకటి తయారుచేశారు. ఆ పరిశోధనాలయం పేరులోని పొడి అక్షరాలతోనే దాన్ని "హెర్ల్ చుల్హా" అన్నారు. 1953లో ఆయన ఆంగ్లంలో రాసిన చిన్న పుస్తకం మద్రాసు నుంచి వెలువడింది. కోట్లమందికి పొగలేని వంటిళ్లు అని దాని పేరుకు అర్థం. పొగ, మసి, వేడి, కట్టె వృథా, అగ్నిప్రమాదం అనే ఐదింటి నుంచి ఇల్లాలికి విడుదల కావాలన్నారాయన. స్వాతంత్ర్యం వచ్చిన ఆరేళ్లకే ఒక ఇంజినీరు ఆడవాళ్ల కళ్లమంట గురించి పుస్తకం రాశారు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక్క పాఠం నాకు కనపడలేదు.

తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002 దాకా నడిచి, దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించింది. మా తండాలో కూడా కొన్ని కట్టారు. నేను చిన్నపిల్లని, గుర్తుంది. రెండేళ్లు తిరక్కుండానే గొట్టాలు మసితో పూడుకుపోయాయి, పొయ్యి నోరు పగిలింది. మా గిన్నెలు ఆ రంధ్రాల్లో సరిగ్గా కూర్చునేవి కావు. యాడి ఒకరోజు గడ్డపారతో దాన్ని పగలగొట్టి మళ్లీ మూడు రాళ్లు పెట్టుకుంది. కట్టినవాళ్లు లెక్క రాసుకుని వెళ్లారు గానీ గొట్టం తుడవడం ఎవరూ నేర్పలేదు. పిల్లలకు పుస్తకాలు పంచి చదువు చెప్పనట్టే ఇది.

కాబట్టి నేను కట్టించేటప్పుడు మేస్త్రిని యాడి ముందు కూర్చోబెట్టాను. మొదటి నియమం, వండేవాళ్ల గిన్నెను బట్టి పొయ్యి కట్టాలి.

చోటు: ఇంటి లోపల వద్దు. ఇంటి వెనక రెండు వైపులా గోడ లేని రేకుల షెడ్డులో కట్టాం. పైన ప్లాస్టిక్ పరదా, పక్కన బట్టలు ఆరేసే తాడు, గ్యాస్ సిలిండర్, బైకు, ఏవీ దగ్గర ఉండకూడదు. కింద గచ్చు మీద ఒక వరస ఇటుక పరిచాం.

మట్టి: ఎర్రమట్టి, పుట్టమన్ను, వరిపొట్టు, కాస్త పేడ. పుట్టమన్ను తండా నుంచి సంచిలో తెచ్చుకున్నాం. కలిపి నాలుగైదు రోజులు తడిపి, రోజూ తొక్కి నాననివ్వాలి. పొట్టు లేకపోతే ఆరేటప్పుడు బీటలు వారుతుంది.

కొలతలు: రెండు గిన్నెల పొయ్యి. కట్టె పెట్టే నోరు ఏడు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల ఎత్తు. అడుగు నుంచి రెండు అంగుళాల పైన ఇనుప చువ్వల జాలీ. కట్టె దాని మీద ఉంటుంది, కింది నుంచి గాలి వస్తుంది, బూడిద కిందికి రాలుతుంది. ఈ ఒక్క జాలీతోనే ఊదుడు గొట్టంతో పని సగం తప్పింది. జాలీ నుంచి మొదటి గిన్నె అడుగుకు ఆరు అంగుళాలు. మరీ దగ్గరైతే మంట గిన్నెకు తగిలి చల్లారి మసి కక్కుతుంది, మరీ ఎత్తైతే వేడి అందదు. మొదటి గిన్నె కింది నుంచి రెండో గిన్నె కిందికి నాలుగు అంగుళాల దారి, అక్కడి నుంచి నాలుగు అంగుళాల పొగగొట్టం. మొదటి దాని మీద రొట్టె పెనం, రెండో దాని మీద పప్పు గానీ వేడినీళ్లు గానీ.

పొగగొట్టం: కింది రెండు అడుగులు ఇటుక, మట్టితో. పైన ఇనుప పైపు. పాత ఆస్బెస్టాస్ సిమెంటు పైపు దొరికింది కదా అని తెచ్చి కోయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పొగ తప్పించుకోబోయి అందులో పడొద్దు.

కట్టాక మూడు వారాలు నీడలో ఆరనిచ్చి, తర్వాత రోజూ చిన్న పుల్లల మంట వేసి, అప్పుడు వంట మొదలుపెట్టాలి. నేను ఆత్రపడి పదో రోజే పెద్ద మంట వేశాను. నోటి పైభాగం నిలువునా పగిలింది. తప్పు నాదే.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఖర్చు చూసుకుని పొగగొట్టం ఎనిమిది అడుగులే పెట్టించాను. మా స్లాబు పది అడుగులు, పైన పిట్టగోడ. గాలి గోడకు తగిలి కిందికి తిరిగి, పొగంతా మా వంటింటి కిటికీలోంచి లోపలికే వచ్చింది. ఇంట్లో పొయ్యి లేకుండానే ఇల్లంతా పొగ! పిట్టగోడకు మూడు అడుగుల పైదాకా, మొత్తం పదహారు అడుగులకు పెంచాక గానీ లాగలేదు. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. గొట్టం ఎంత పొడవైతే లాగుడు అంత బలం. ఎనిమిదో తరగతి సైన్సు పాఠం. పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పిన నేనే మా ఇంట్లో తప్పు చేశాను. గొట్టం చివర రేకు టోపీ ఉండాలి, కానీ గొట్టానికీ టోపీకీ మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ వదలాలి.

ఇప్పుడు నడిపే విధానం. కట్టె ఎండి ఉండాలి. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో సగందాకా నీరే ఉంటుంది. మనం అన్నం వండుతున్నాం అనుకుంటాం, ముందు కట్టెలో నీళ్లు మరిగిస్తున్నాం. చీల్చి, వాన తగలకుండా, కింద గాలి ఆడేలా ఆరు నెలలు పేర్చి పెట్టాలి. తుమ్మ, చింత, సరుగుడు బాగా కాలతాయి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఠంగుమనాలి. ధబ్‌మంటే ఇంకా తడి ఉన్నట్టు.

ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, నూనె పూసిన సెంట్రింగ్ చెక్క, ప్లాస్టిక్ కవర్లు, పాల ప్యాకెట్లు పొయ్యిలో పెట్టొద్దు. ప్లైవుడ్ అతికించే జిగురు కాలితే వచ్చే పొగ మామూలు కట్టె పొగ కంటే విషం. మన నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ వైపు ఏ సందులో చూసినా కట్టడమే. ఆ చెక్క ఉచితంగా దొరుకుతుంది. ఉచితమని దాని మీద రొట్టె కాల్చకండి.

వెలిగించేటప్పుడు కిరోసిన్ వద్దు. సన్నపుల్లలు, ఎండిన కొబ్బరి పీచు చాలు. కట్టె కొనలు మాత్రమే మంటలో ఉండాలి, కాలేకొద్దీ ముందుకు నెట్టాలి. నోరంతా కట్టెలతో నింపితే గాలి చాలక పొగ. రెండు రంధ్రాల మీదా ఎప్పుడూ గిన్నె ఉండాలి. ఒకటి ఖాళీగా వదిలితే గొట్టం లాగడం మానేసి అక్కడి నుంచే పొగ వస్తుంది. వంట అయ్యాక కట్టె బయటికి లాగి నీళ్లు చల్లాలి. బూడిదను ఇనుప బకెట్‌లో ఎత్తి ఒక రోజు బయట పెట్టాలి. పైకి చల్లగా కనపడే బూడిద కింద నిప్పు రాత్రంతా బతుకుతుంది. ప్లాస్టిక్ చెత్తబుట్టలో పోస్తే ఇల్లే అంటుకోవచ్చు. నెలకోసారి గోనెసంచి ఉండ చుట్టి, తాడుకు రాయి కట్టి, గొట్టంలో పైనుంచి కిందికి లాగాలి. పేరుకున్న మసి కూడా కాలే పదార్థమే.

మా ఇంట్లో స్ప్రింగు త్రాసుతో తూచాను. మూడు ఇటుకల మీద నాలుగు కిలోల కట్టె తీసుకున్న వంట, ఈ పొయ్యి మీద రెండున్నర కిలోలతో అయింది.

ఇక్కడితో ఆపితే మీరంతా చప్పట్లు కొట్టి, రేపు మేస్త్రిని పిలుస్తారు. కానీ ఒక నిజం చెప్పకుండా దిగితే నేను టీచర్‌ని కాను. పొగగొట్టం పొగను మాయం చేయదు. మా వంటింట్లోంచి తీసి పక్కింటి మేడ మీద వదులుతుంది. పొయ్యి పెట్టిన రెండో వారమే పక్కింటామె వచ్చి, "వదినా, మా పాపకు ఉబ్బసం" అంది. గొడవ పెట్టుకోలేదు, ఏడుపు గొంతుతో చెప్పింది. నేను యాడి ఊపిరితిత్తుల కోసం ఇంత చేసి, ఆ పాప ఊపిరితిత్తుల మీద పెట్టాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒప్పందం ఇది. రోజూ వంట గ్యాస్ మీదే. చూలో పండగలకు, నెలలో ఒక ఆదివారానికి. ముందు రోజు పక్కింటికి చెప్పి, పాపను వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపాకే వెలిగిస్తాం. యాడి రెండు బారల దూరంలో కుర్చీలో కూర్చుని పురమాయిస్తుంది. కట్టె తోసేది నేను, రొట్టె తట్టేది మా అమ్మాయి. మంట తగ్గి నిప్పులయ్యాక, పొగ లేని ఆ కాసేపు మాత్రం యాడి దగ్గరికి వచ్చి తన చేత్తో భోగ్ వేస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు బాల్కనీలో పొయ్యి పెట్టే ఆలోచన మానుకోండి. చలికాలం నిప్పుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకోవడం అసలే వద్దు. నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చివరి మాట. అసలు దీని కోసమే ఈ పదిహేను నిమిషాలు అడిగాను.

మా వీధి చివర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. వాచ్‌మన్ భార్య పాలమూరు వైపు తండా పిల్ల. నాతో గోర్‌బోలీలో మాట్లాడుతుంది, నన్ను బాయీ అంటుంది. సెల్లార్‌లో కార్ల పక్కన ఒక గది. ఆ గది ముందు మూడు ఇటుకలు, సెంట్రింగ్ చెక్క. చంకలో ఎనిమిది నెలల బాబు. నేను వెళ్లిన రోజు ఆ పిల్ల గొట్టం ఊదుతోంది. నాకు యాడి కనపడింది, యాభై ఏళ్ల వెనకటి యాడి. సెల్లార్‌లో నేను చెప్పిన ఏ పొయ్యీ పనికిరాదు. అక్కడ పదహారు అడుగుల గొట్టం ఎక్కడికి వెళ్తుంది? ఆ ఇంటికి కావలసింది గ్యాస్, ఇంకేం కాదు.

"గ్యాస్ ఎందుకు తీసుకోలేదు?" అంటే, "మాకు ఇక్కడి అడ్రస్ లేదు బాయీ" అంది. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు వాళ్ల అత్తకు కనెక్షన్ వచ్చిందట. అది తండాలో ఉంది. వీళ్లు ఇక్కడున్నారు. కానీ 2021 ఆగస్టులో ఉజ్వల రెండో దశ మొదలైనప్పుడు వలస కుటుంబాలకు ఒక వెసులుబాటు ఇచ్చారు. చిరునామా, రేషన్ కార్డు కాగితాల బదులు స్వయంగా రాసిచ్చే ధ్రువీకరణ చాలన్నారు. ఐదు కిలోల చిన్న సిలిండర్ అయితే గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు, చిరునామా రుజువు అడగరు. ఈ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అదే వీధిలో ఉండే నేను కూడా అంతవరకూ చెప్పలేదు. అది నా తప్పు.

ఆ పిల్లకు చిన్న సిలిండర్ ఇప్పించాం. నింపించుకోవడానికి డబ్బు లేనప్పుడు మళ్లీ ఇటుకలు వెలుగుతాయని నాకు తెలుసు. ఒక్కరోజుతో అయ్యే పని కాదు.

మన సంఘంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు, బ్యాంకు వాళ్లున్నారు, లెక్చరర్లున్నారు. మియాపూర్ నుంచి బాచుపల్లి దాకా సెల్లార్లలో, కట్టడాల దగ్గర రేకుల గుడిసెల్లో మన గోర్ జనమే ఎంతమంది ఉన్నారో మనం ఎప్పుడైనా లెక్క రాశామా? నా ప్రతిపాదన చిన్నది. ప్రతి సభ్యుడు తన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఈ వారం ఒకసారి దిగండి. లిఫ్ట్‌లో కారు దగ్గరికి కాదు, ఆ గది దగ్గరికి. పొయ్యి ఏది, కట్టె ఏది, పసిపిల్లలు ఎంతమంది అని రాసుకుని రండి. మన వాళ్లే అయి ఉండనక్కర్లేదు. పొగ కులం అడగదు. దరఖాస్తులు నింపే పని నేను, మా హాస్టల్‌లో చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న ఆడపిల్లలు చేస్తాం. ఈ ఏడాది భోగ్ భండారో ఖర్చులో కొంత తగ్గించి, పది ఇళ్లకు సిలిండర్ నింపడానికి పక్కన పెడదాం. నెయ్యి తగ్గితే సేవాభాయా కోపగించుకోడని మా యాడి హామీ ఇచ్చింది.

నిన్న రాత్రి ఈ ప్రసంగం యాడికి చదివి వినిపించాను. అంతా విని, "గొట్టం తుడవడం గురించి చెప్పినవా?" అని అడిగింది. చెప్పానన్నాను. "ఇంకోసారి చెప్పు. వీళ్లు మర్చిపోతారు" అంది.

కాబట్టి ఇంకోసారి చెప్తున్నాను. నెలకోసారి గొట్టం తుడవండి. వారానికోసారి సెల్లార్‌లోకి దిగండి.

వచ్చే నెల మొదటి ఆదివారం మా ఇంట్లో చూలో వెలుగుతుంది. పొయ్యి చూడాలనుకునేవాళ్లు రండి. జొన్న బాటి తిని వెళ్లండి. వచ్చేటప్పుడు మీ సెల్లార్ లెక్క రాసిన కాగితం తెచ్చినవాళ్లకే రొట్టె.

జై సేవాలాల్. సెలవు.